మూడోసారి గారి మడమ

కూరగాయల టోకు మార్కెట్లో ఆయన్ని అందరూ 'మూడోసారి' అనే పిలుస్తారు. వేలంలో ఆయన "మూడోసారీ!" అని అరిచాడంటే సరుకు చెయ్యి మారినట్టే. అదీ గొంతంటే! అంతటి మనిషిని ఒక ముష్టి మడమ మూల కూర్చోబెట్టింది. కూరగాయల గుట్ట గుట్టకీ తిరుగుతూ అరవాలి కదా, కాలు నేలకు ఆనితే ప్రాణం పోతోంది. రేపు కూడా రాకపోతే ఆ పని ఆయన బావమరిదికి ఇచ్చేస్తానని మార్కెట్ యజమాని కబురు పెట్టాడు. బావమరిదా! వాడి గొంతు తోక తొక్కిన పిల్లిలా ఉంటుంది.

అందుకే భార్యను వెంటబెట్టుకుని షాక్‌వేవ్ వైద్యానికి వచ్చాడు. ఆమె తెర అవతల కూర్చుంది. ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన్ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, మడమకు చల్లటి జెల్ రాసి, తుపాకీలాంటి పరికరం ఆనించింది. అది టకటకా కొట్టసాగింది.

"కరెంటు షాకేం కాదు అంకుల్, ఉత్త దెబ్బలే. పదికి ఎంత నొప్పి ఉందో చెప్తూ ఉండండి. దాన్నిబట్టి సర్దుతాను."

నొప్పి తొమ్మిది. కానీ బేరమాడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. పుట్టి బుద్ధెరిగాక మొదటి మాటకే అసలు అంకె చెప్పింది లేదు. ఎంతంటే అన్ని దెబ్బలు పడతాయని ఆయన లెక్క.

"రెండు," అన్నాడు.

"రెండేనా? అయితే కాస్త పెంచుదాం."

'ఓహో, పిల్ల గట్టిదే!' అనుకున్నాడు. "ఒకటిన్నర!"

ఆమె ఇంకా పెంచింది. దవడలు కూడా వణికాయి. "ఒకటి!"

మళ్లీ పెంచింది. "అర! ఇక మాట్లాడకు!"

"అరేనా? ఇంకొంచెం..."

"సున్నా!" అన్నాడు దిండు కొరుకుతూ.

అమ్మాయి మిషన్ ఆపేసింది. "సున్నా అంటే నయమైపోయినట్టే అంకుల్. నాకిక పనేముంది? లేవండి."

గెలిచానన్న సంబరంతో ఆయన బల్ల దిగాడు. మడమ నేలకు తగిలింది. ఓరి నాయనోయ్! గుట్టల మధ్య నిలబడి కీచుమంటున్న బావమరిది కళ్ల ముందు మెదిలాడు.

"తొమ్మిది తల్లీ తొమ్మిది! పొద్దున్నే మంచం దిగాలంటే భయమేస్తోంది!" అని మార్కెట్ గొంతుతో అరిచేశాడు. వరండాలో వాళ్లు కూడా ఉలిక్కిపడ్డారు.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంటూ ఆమె మళ్లీ పడుకోబెట్టి, దెబ్బలు తగ్గించింది. తర్వాత పిక్క నొక్కి చూసింది. "కండ ఇక్కడ ముడిపడింది. మడమను లాగుతున్నది ఇదే. ఎంత?"

"ఎనిమిది," అన్నాడు బుద్ధిగా.

పిక్క మీద కూడా కొట్టాక కాస్త తేలికపడింది. "ఇంకో నాలుగుసార్లు రావాలి. అందాకా ఎక్కువ నడవకూడదు," అంది అమ్మాయి.

ఆయన ముఖం వాడిపోయింది. "అయితే రేపు వాడే."

భార్య తెర తోసుకుని వచ్చింది. "తొమ్మిదా! ఎప్పుడడిగినా ఏదో కొంచెం అంటారే! నా దగ్గర కూడా బేరమేనా?" కళ్లు తుడుచుకుంది.

"నేను మూల కూర్చుంటే మీ తమ్ముడికి మంచిదేగా," అని గొణిగాడాయన.

"వాడి గొంతు వింటూ పెరిగినదాన్ని, నాకు చెప్పొద్దు. సరుకు తోసే బండి మీద కుర్చీ వేయిస్తాను. గుట్ట గుట్టకీ నేనే తోసుకెళ్తాను. అరిచేది నోటితోగానీ మడమతో కాదుగా!"