మామిడి పిందె గ్లాసు

మా చెల్లెలు యశోదమ్మ నీళ్ళు తాగడం మానేసింది. ఉపవాసం కాదు, అలకా కాదు. ధర్మవరం నుంచి ఆమె కోడలు మాధవి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను హిందూపురంలో మా వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను.

"పెద్దత్తా, నువ్వన్నా చెప్పు. పొద్దన్నించి సాయంత్రం దాకా రొండు గుక్కలు తాగితే ఎక్కువ. కిడ్నీలు పాడైతాండాయంట. ఇట్లే ఉంటే రక్తం కడిగే మిషను మింద పడుకోబెట్టాల్సి వస్తాదని డాక్టరు కోప్పడినాడు."

చెల్లెలు ఎందుకు తాగడం లేదో అర్థం కావాలంటే మా పుట్టింటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో గ్లాసుకు పెదవి తగిలిస్తే తప్పు. తల వెనక్కి వంచి, గ్లాసు పైకెత్తి, నోట్లోకి ధార పోసుకోవాలి. నీళ్ళయినా అంతే, మజ్జిగయినా అంతే. పసిపిల్లలు తెలియక గ్లాసు కరుచుకుంటే మా అమ్మ ఆ గ్లాసును చింతపండు పెట్టి తోమేది. మా అందరిలోకీ యశోద ఎత్తు నుంచి పోసుకునేది. చుక్క కింద పడేది కాదు. అలాంటిదానికి చక్కెర జబ్బుతో కండ్లు పోయాయి. కండ్లు పోయాక ధార గురి తప్పింది. ఒకసారి ముక్కులోకి, ఒకసారి రవికెలోకి. ఎవరో చుట్టాలు వచ్చిన రోజు పొరబోయి, దగ్గి, చీరంతా తడుపుకుందట. వాళ్ళలో ఒకామె నవ్విందట. ఆ రోజు నుంచి నాలుక తడుపుకోవడమే తప్ప తాగడం లేదు.

"అయితే గ్లాసు కరుచుకోని తాగమనుమ్మా" అన్నాను.

"చెప్పినా పెద్దత్తా. ఇంటిల్లిపాదీ తాగే గ్లాసు ఎంగిలి చేస్తానా అంటాది. సరే, నీకొక గ్లాసు వేరే పెడతానంటే, నన్ను వేరు పెడతారా అని ఏడ్చింది."

ఆ ఏడుపు ఎక్కడిదో నాకు తెలుసు. మా నాయన సేద్యంలో పుల్లన్న అనే ఆయన పనికి వచ్చేవాడు. ఆయన కోసం పెరటి గోడ గూట్లో ఒక గ్లాసు ఉండేది. తాగి, తానే కడిగి, గూట్లో బోర్లించి పోయేవాడు. ఇంట్లో ఎవరికైనా అంటురోగం వస్తే వాళ్ళకూ అలాగే. వేరే గ్లాసు అంటే మాకు తెలిసిన అర్థం అదే. పాపం, మాధవి మంచికే చెప్పింది. మా చెల్లెలి చెవికి మాత్రం గూట్లో గ్లాసే వినిపించింది.

అందుకని నేను ఆలోచించాను. ఇచ్చే గ్లాసు వేరు పెట్టినట్లు ఉండకూడదు, అక్క కానుక ఇచ్చినట్లు ఉండాలి. పట్టుకోగానే ఇది నాదే అని చేతికి తెలియాలి.

మా వీధిలో సమీనా ఉంది. వాళ్ళ నాయన మొహిద్దీన్ సాబ్ బజారులో స్టీలు సామాన్ల మీద జుయ్యిమని మిషనుతో పేర్లు కొట్టేవాడు. మా ఇంటి బిందెల మీద పేర్లన్నీ ఆయన కొట్టినవే. కూతురు గాజు పనిలోకి దిగింది. పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు గాజు గ్లాసుల మీద పేర్లు, పూలు తెల్లగా దించి ఇస్తుంది. ఆ పని నా చేత్తోనే చేస్తానని పోయి కూర్చున్నాను.

"పేరేం రాయాలవ్వా?"

"పేరేంటికే? ఆమెకూ చదువు రాదు, నాకూ రాదు. మామిడి పిందె గీస్తా."

మా చెల్లెలు పెళ్ళయిన ఏడాదే మగ్గం గుంటలోకి దిగింది. పట్టుచీరల అంచుల్లో ఆమె నేసిన మామిడి పిందెలకు లెక్కే లేదు. సమీనా ఇచ్చిన స్టిక్కరు కాగితం మీద పెన్సిలుతో గీశాను. ఇంటి ముందు ముగ్గు వేసిన చెయ్యి కదా, పిందె బాగానే వచ్చిందనుకున్నాను.

"అవ్వా, ఇది పిందెనా, బెండకాయనా?"

"నీ మొగుని ముక్కు! సక్కంగా చూడు, మొన కాడ వంపు లేదా?"

సమీనా పగలబడి నవ్వి, పిందె ఉన్నంత మేర బ్లేడుతో కోసి తీసింది. మిగిలిన స్టిక్కరును గ్లాసుకు అంటించి, పిందె ఖాళీలో తెల్లటి మందు పూయాలి. మందు ఆ ఖాళీలోనే గాజును తినేసి గరుకు చేస్తుంది. నా చేతులకు రబ్బరు తొడుగులు వేసింది. "చర్మానికి తగిలిందంటే ఎముక దాకా పోతాదవ్వా, ముక్కు తుడుచుకునేవు!" అని కాపలా కాసింది. పెదవి ఆనే అంచుకు మందు పూయకూడదట. అందుకే పిందెను బాగా కిందికి దించాం.

మొదటి గ్లాసు నేను పాడు చేశాను. స్టిక్కరు అంచు సరిగ్గా ఒత్తలేదు, మందు కిందికి పాకి పిందెకు తోక మొలిచింది. రెండోది కుదిరింది. కడిగి, తుడిచి, కండ్లు మూసుకుని గ్లాసును చేతుల్లో తిప్పాను. వేలు నున్నగా జారుతూ జారుతూ ఒకచోట ఆగింది. బియ్యప్పిండి మీద పెట్టినట్లు గరుకు. మళ్ళీ తిప్పాను, మళ్ళీ దొరికింది. నా సంతోషం ఏమని చెప్పను? దీన్ని పట్టుకుంటే గుడ్డి చెయ్యి కూడా గుర్తు పడుతుందనుకున్నాను.

పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో ఎక్కినాయన నా పక్కన కూర్చుంటూ, "ఏమవ్వా, అట్ల పట్టుకున్నావు, కోడిపిల్లనా?" అన్నాడు. "కోడిపిల్లయితే నీ తొడ మిందే కూర్చోబెడతాంటి, కొంచెం జరుగప్పా" అన్నాను. ధర్మవరం వచ్చేదాకా ఆయన నాకు మోచెయ్యి తగలనివ్వలేదు.

యశోద నడవలో చాప మీద కూర్చుని ఉంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. గ్లాసు చేతుల్లో పెట్టి, "నా చేత్తో చేసినానే. ఏముందో చెప్పు" అన్నాను.

రెండు చేతులతో తిప్పింది. బొటనవేలు పిందె మీది నుంచి పోయింది, ఆగలేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగలేదు. చివరికి ఏమీ లేని వైపు వేలు పెట్టి, ముఖం విప్పార్చుకుని, "హంస కదక్కా!" అంది.

మాధవి నోరు తెరవబోయింది. వద్దని తల ఊపాను.

"హంసే" అన్నాను.

యశోద ముఖం నా వైపు తిప్పింది. "కాదు కదా? నేనన్న మాట నువ్వు ఇంత తొందరగా ఏ పొద్దు ఒప్పుకున్నావు?"

"మామిడి పిందె."

గ్లాసును ఇంకోసారి చుట్టూ తడిమింది. తర్వాత మెల్లగా అంది: "నాకేం తగల్లేదక్కా. అంతా నున్నగానే ఉండాది. కండ్లు పోయినప్పుడు నేను ఏడ్చలేదు. తెగిన పోగు చీకట్లో కూడా అతికేదాన్ని, చేతి ఏళ్ళుంటే సాలులే అనుకుంటి. ఇప్పుడు ఈ ఏళ్ళు ఎవురివో తెచ్చి తగిలించినట్ల ఉండాయి."

"మొన్న ఏలు బొబ్బెక్కింటే అడిగితిని కదత్తా, ఏం లేదంటివే!" అని మాధవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్తే ఏం చేస్తావు, నీ ఏళ్ళు ఇస్తావా?" అని యశోద గ్లాసును నా వైపు చాచింది. "అక్కా, ఇది అందరికీ తెచ్చినావా, నాకొక్కదానికేనా?"

"నీకొక్కదానికే."

"అయితే వేరే గ్లాసే కదా."

గీసి, కోసి, మందు పూసి, రైలెక్కి వచ్చి, మాధవి ఆగిపోయిన చోటికే నేనూ చేరాను. ఏమి తోచిందో ఏమో, కుండలో నీళ్ళు ముంచుకొచ్చి, పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేయని పని చేశాను. గ్లాసుకు పెదవి ఆనించి గుటకలు వేశాను.

"ఏందే ఆ సప్పుడు? ఏం చేస్తాండావు?"

"కరుచుకోని తాగినా. ఇది నా ఎంగిలి ఇప్పుడు. నువ్వూ తాగు. ఇద్దరు తాగేది వేరే గ్లాసు ఎట్లయితాది?"

"అమ్మ చూసిందంటే నిన్ను తంతాది."

"రమ్మను. వచ్చి తన్నిపొమ్మను."

నవ్వింది. నవ్వుతూనే గ్లాసు అందుకుని, పెదవి ఎక్కడ పెట్టాలో తెలియనట్లు ముందు గడ్డానికి ఆనించి, తర్వాత తాగింది. ఆపకుండా తాగింది. ఎంత దాహం దాచుకుందో! ఇంకా పొయ్యమంది.

నేను ఉన్నన్ని దినాలూ అలాగే జరిగింది. బయల్దేరే ముందు మాధవిని పిలిచి, "ఇంక నువ్వే" అన్నాను. అత్త తిన్న విస్తట్లో కోడలు తినడం మేము చూశాం. కోడలి ఎంగిలి అత్త తాగడం ఎవరూ చూడలేదు. మాధవి గ్లాసులో నీళ్ళు ముంచుకొచ్చింది. "అత్తా, ముందు నేను తాగుతాండా" అని గట్టిగా చెప్పి, ఒక గుక్క తాగి ఇచ్చింది. యశోద గ్లాసు అందుకుంది. "సల్లగా లేవే నీళ్ళు" అని సణిగి, తాగింది.

అప్పటికే ఆలస్యమైపోయిందని మాకు తెలియదు. కిడ్నీలు నిలవలేదు. యశోద కొడుకు వేణు తల్లిని వారం వారం మిషను కాడికి తీసుకుపోతున్నాడు. ఇప్పుడు డాక్టరు మాట మారింది. లోపలికి పోయిన నీళ్ళు బయటికి రావు, కాబట్టి నీళ్ళు తాగకూడదంట. దినానికి ఇంతే అని కొలిచి ఇవ్వాలంట. తాగమని అంత బతిమాలినవాళ్ళం, ఇప్పుడు దాహమని అడుగుతుంటే లేదని చెబుతున్నాం.

మొన్న చూసి రావడానికి పోయాను. మాధవి ఆ గ్లాసులో అడుగున కొంచెం నీళ్ళు పోసింది. "అత్తా, ముందు నేను తాగుతాండా" అంది. గ్లాసును పెదవికి ఆనించి, గొంతుతో గుటక చప్పుడు మాత్రం చేసి, చుక్క తాగకుండా అత్త చేతికిచ్చింది.