కటింగ్ మాస్టరమ్మ

ఆమెకు అంకెలంటే చచ్చేంత భయం. టేపు మీద గీతలు కళ్ళకు చీమల బారులా కనిపించేవి. అందుకే ఆ కుట్టుపని షెడ్డులో ఇన్నేళ్ళూ దారానికి ముడులు వేసుకుని, మెడకో ముడి, చేతికో ముడి లెక్కన, అందరికన్నా చక్కగా గుడ్డ కత్తిరించింది. ఆ చక్కదనమే కొంప ముంచింది. ఓనరు ఆమెను కటింగ్ మాస్టర్ని చేశాడు.

"ఇంకా ఈ దారాలేంటమ్మా, చూసినవాళ్ళు నవ్వుతారు. టేపు వాడు," అన్నాడు.

వద్దంటే ఎందుకో చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. కిందటి నెలే కూతురి బడిలో టీచరు చెప్పింది, "పాపకు డిస్కాల్కులియా ఉందండీ. అంకెలు మనసులో నిలవవు. అది బద్ధకమూ కాదు, మొద్దుతనమూ కాదు. నేర్పే పద్ధతి మారిస్తే నేర్చుకుంటుంది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని. "అబ్బే, లేదండీ" అనేసింది మహాతల్లి. తన అవస్థకూ ఒక పేరుందని తెలిసి గుండె తేలికైంది గానీ, అది తనదని చెప్పుకోవడానికి సిగ్గు అడ్డొచ్చింది.

ఆ రోజు బల్ల మీద యూనిఫాం గుడ్డ దొంతరగా పరిచారు. టేపు పట్టే ముసలాయన, షెడ్డంతటికీ బాబాయి, "పొడవు ఇరవై తొమ్మిది తల్లీ" అన్నాడు. ఆ మాట నోట్లో తిప్పుకుంటూ ఆమె బల్ల చివరికి చేరేలోపే అది చెదిరిపోయింది. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. కళ్ళు మూసుకున్నంత పని చేసి సుద్దగీత గీసింది. కటింగ్ మిషను దొంతరంతా ఒక్కసారే కోసేసింది. చొక్కాలన్నీ పొట్టివైపోయాయి.

ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆమె మీద కాదు.

"బాబాయ్, నీకు కళ్ళు ఆనట్లేదు. రేపట్నుంచి రావద్దు."

ఆమె ఓనరుకు అడ్డంగా వెళ్ళి నిలబడింది. చిన్నప్పటి నుంచి దాచుకున్న మాట బయటపెట్టేసింది.

"ఆయన సరిగ్గానే చెప్పాడండీ. తప్పు నాది. నాకు అంకెలు రావు."

ఓనరు పకపకా నవ్వాడు. "అంకెలు రాకుండానే ఇన్నేళ్ళు కత్తిరించావా? చాల్చాల్లే అమ్మా, ముసలాయన మీద జాలి నాకూ ఉంది."

"నిజమండీ, ఒట్టు!"

అప్పటికే ఓనరు ఫోను చెవిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

బాబాయి అన్నం డబ్బా సంచిలో సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"నా కోసం అంత అబద్ధం ఆడావు. కన్నకూతురు కూడా ఆడదు తల్లీ," అన్నాడు.