బతికుండగానే దినాలు

ఇంకో మూడు వారాల్లో, ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి, ఆకాశం నుంచి పెద్ద రాయి పడి ప్రపంచం అంతమైపోతుందని టీవీలో చెప్పారు. ఆ మాట విని నంద్యాల మొదటి రెండు రోజులు ఏడ్చింది. ఏడ్వడంలో నంద్యాలకు వంక పెట్టడానికి లేదు, మనస్ఫూర్తిగా ఏడ్చింది. మూడో రోజుకు విసుగొచ్చి, చేయాల్సిన పనులేం మిగిలాయా అని లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. దాన్ని ముందుగా కనిపెట్టినవాడు కిరాణా అంగడి గురుస్వామి.

"అందరం ఒకేసారి పోతే మన దినాలు ఎవురు చేస్తారే?" అన్నాడు భార్య కన్యకమ్మతో, సగం తాగిన కాఫీ గ్లాసు పక్కన పెట్టేసి.

నలభై ఏళ్ళుగా ఊళ్ళో ఎవరు పోయినా పదకొండో రోజు భోజనానికి మొదటి పంక్తిలో కూర్చుని, వడ కొరికి, "ఉప్పు తగ్గింది" అని తీర్పు చెప్పినవాడు గురుస్వామి. తన దినం నాటి వడ తనకు దక్కకపోయినా ఫరవాలేదు, కనీసం వేరేవాళ్ళకైనా దక్కాలి కదా. ఆ బాధ అతన్ని నిద్రపోనివ్వలేదు. పురోహితుడి ఇంటికి పోయి కూర్చున్నాడు.

అయ్యవారు పాత పుస్తకాలన్నీ తిరగేసి, బతికున్నవాళ్ళు తమకు తామే పెట్టుకోవచ్చని తేల్చాడు. మరి పదకొండో రోజు ఎప్పుడు? ఆదివారం తర్వాత రోజులే లేవు కాబట్టి వెనక్కి లెక్కపెట్టాడు. ఆదివారం నుంచి వేళ్ళు మడుచుకుంటూ వెనక్కి వస్తే పదకొండో రోజు గురువారం తేలింది. గురుస్వామి ఆ గురువారమే తనకూ, కన్యకమ్మకూ కలిపి దినం పెట్టుకున్నాడు. "నాదీ నీదీ ఒకే పంక్తిలో అయిపోతాది," అన్నాడు, భార్యకు చీర తెచ్చినంత సంబరంగా.

ఇక చూడండి ఊరి సంగతి. పక్కింటివాడు పెట్టుకున్నాక మనం పెట్టుకోకుంటే ఏం మర్యాద? వీధివీధికీ షామియానాలు లేచాయి. ఫ్లెక్సీలు వేసే గిరీశ్‌కు ఊపిరి సలపలేదు కానీ పని మాత్రం సులువైంది. పోయిన తేదీ అందరికీ ఒకటే, ఫోటో ఒక్కటి మారిస్తే చాలు. జనం పొద్దున ఒక ఇంట్లో కళ్ళు తుడుచుకుని, మధ్యాహ్నం తమ ఇంటికొచ్చి తమ ఫోటోకు తామే దండ వేసుకున్నారు. దండ వంకరగా ఉందని మళ్ళీ తామే సర్దుకున్నారు. గురుస్వామి ఫోను పట్టుకుని చుట్టాలందరికీ, "నేను పోయినానప్పా, గురువారం భోజనానికి రా," అని చెప్పుకుంటూ పోయాడు. అవతలివాళ్ళు, "అయ్యో, మా దినం గూడా ఆపొద్దే, మధ్యాహ్నంగా వస్తాంలే," అన్నారు.

కన్యకమ్మకు ఈ వడల మీదా, దండల మీదా ధ్యాస లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే. పోయేలోగా వాళ్ళక్క రంగనాయకమ్మ ఒక్కసారి ఈ ఇంటికి రావాలి.

అక్క ఆళ్ళగడ్డలో ఉంటుంది. నంద్యాల నుంచి బస్సెక్కితే గంటన్నర కూడా పట్టదు. పదకొండేళ్ళుగా ఆ గంటన్నర ఇద్దరిలో ఎవరూ దాటలేదు.

జరిగిందేమిటంటే, పదకొండేళ్ళ క్రితం కన్యకమ్మ అత్తగారు పోయింది. రంగనాయకమ్మ దినానికి వచ్చింది, వంటింట్లో చెల్లెలికి సాయం చేసింది, పొద్దు వాలినాక సంచీ తీసుకుని బయలుదేరింది. చావింటి నుంచి పోయేటప్పుడు ఎవరితోనూ చెప్పకూడదు, వెనక్కి చూడకుండా మౌనంగా లేచిపోవాలి. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. రంగనాయకమ్మకూ తెలుసు. కానీ జీవితమంతా చెల్లెలి ఇంటి నుంచి ఎట్లా బయలుదేరిందో అట్లాగే బయలుదేరి, గడప మీద నిలబడి, "పోయొస్తా కన్యకా," అనేసింది.

ఇల్లంతా బిర్రబిగుసుకుపోయింది. ఇరవై మూడు రోజులకు మామగారు పోయాడు. ఆయనకు తొంభై ఒక్క ఏళ్ళు, మూడేళ్ళుగా మంచంలో ఉన్నాడు, చివరి నెల గంజి కూడా దిగలేదు. అయినా ఆడబిడ్డ రామలక్ష్మమ్మ శవం పక్కన కూర్చుని, "మళ్ళీ వస్తానని చెప్పిపోయింది, చావును పిలుచుకోనొచ్చింది," అని కన్యకమ్మ వైపు చూసింది. ఆమె చూడగానే చుట్టాలందరూ చూశారు. అన్ని కళ్ళూ తన మీద ఉంటే కన్యకమ్మ తట్టుకోలేకపోయింది. అప్పుడే లోపలికొస్తున్న అక్కను అందరిముందూ నిలబెట్టి, "నీ నోరే మా మామను మింగింది," అంది.

రంగనాయకమ్మ చేతిలో సంచీ కింద పెట్టకుండానే వెనుదిరిగింది. బయటికి నడిచి, గడప దాటినాక మాత్రం తిరిగి, "అహోబిలం నరసింహస్వామి సాచ్చిగా చెప్తాండా, ఇంగ నీ గడప తొక్కను," అంది.

తప్పు తనదేనని కన్యకమ్మకు ఆ నిమిషమే తెలుసు. తెలిసి పదకొండేళ్ళు నోరు మూసుకుంది. అది తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ అన్నం సహించదు.

సోమవారం ఆళ్ళగడ్డ బస్సెక్కింది. బస్సులో ఒకాయన నెల పాసు కొత్తగా రాయించుకున్నాడు. "నెలంటే ముప్పై రోజులప్పా, నువ్వు పదమూడే వాడుకుంటావు," అని కండక్టరు చెప్పినా వినలేదు.

ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు ఎప్పటిలాగే రాళ్ళ ముందు కూర్చున్నారు. ఊరంతా రాయి పడుతుందని భయపడుతుంటే వాళ్ళు మాత్రం అది ఏం రాయని వాదించుకుంటున్నారు. నల్లరాయైతే విగ్రహాలకు పనికొస్తుందని ఒకాయన, అంత వేడికి గుల్లబారిపోతుందని ఇంకొకాయన. "లారీ బాడుగ లేకుండా అంత రాయి మన దగ్గరికే వస్తాంటే, చెక్కేదానికి మనం ఉండం గదప్పా," అని పెద్దాయన ఒకడు నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు.

వాళ్ళకు ఉలులూ సుత్తెలూ అమ్మే ఇనుప సామాన్ల అంగడి రంగనాయకమ్మ మొగుడు ఉమాశంకర్‌ది. అక్క తక్కెడ దగ్గర మేకులు తూస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. 

"ఏమప్పా, అంగడికి ఎవురో వచ్చినారు. ఏం కావాల్నో అడుగు," అంది రంగనాయకమ్మ మొగుడితో, తల ఎత్తకుండానే.

"కన్యక గదే," అన్నాడు ఉమాశంకర్.

"పేరు అడగమన్లే. ఏం కావాల్నో అడగమన్నా."

కన్యకమ్మ ముందుకొచ్చింది. "గురువారం దినం పెట్టుకున్యాం బావా. అక్క రావాల."

"ఎవురు పోయినారంట?" అని రంగనాయకమ్మ మొగుణ్ణి అడిగింది.

"నేనే," అంది కన్యకమ్మ.

"ఎప్పుడంట?"

"ఈ ఆదివారం గాక పై ఆదివారం. నాలుగూ ఇరవైకి."

"ఏం రోగమంట?"

"అందరికీ వచ్చేదే."

రంగనాయకమ్మ గుప్పెడు మేకులు తీసి తక్కెడలో వేసింది. మొట్టమొదటిసారి చెల్లెలి ముఖం చూసింది. "గడప తొక్కనని ఒట్టేసినా. పెపంచం పోతాందని ఒట్టు గూడా పోతాదా? ఆ దేవుడు ఉండేది నాకు పదారు మైళ్ళ దూరంలోనే."

తప్పయిపోయిందని చెప్పాలనే కన్యకమ్మ అంత దూరం వచ్చింది. ఆ మాట చెప్పకుండానే, ఉమాశంకర్ ఇచ్చిన మంచినీళ్ళు తాగి తిరుగు బస్సెక్కింది. దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

మరునాడు పొద్దున్నే వడ్రంగి గంగయ్యను పిలిపించింది.

"గడప పీకాలప్పా," అంది.

గంగయ్య చేతిలో బాడిస కిందపెట్టేశాడు. "గడప పీకితే ఇంటికి అరిష్టం తల్లీ."

"ఆదివారానికన్నా పెద్ద అరిష్టం యాడుందప్పా? పీకు."

మూడు తరాల నాటి టేకు గడప. పసుపూ కుంకుమా పొరలు పొరలుగా అంటుకుని వేలెడు మందాన పేరుకుపోయాయి. గంగయ్య ప్రతి దెబ్బకూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ పీకాడు. చప్పుడు విని గురుస్వామి అంగట్లోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఏందే ఇది? లచ్చిమి పోతాది!"

"అంగట్లో సరుకంతా నువ్వే ఊరికే పంచిపెడతాండావు. ఇంగ పోయేదానికి ఏం మిగిలింది?"

గురుస్వామి చేతులకు అంటిన చక్కెర పంచెకు తుడుచుకున్నాడు. ఆ పొద్దున్నే చక్కెర బస్తా ఒకటి పంచేసి వచ్చాడు.

గురువారం రానే వచ్చింది. వంట సాగుతుండగా మిద్దె మీద రెండు విస్తళ్ళలో పిండాలు పెట్టారు. కాకి ముట్టాలి. కానీ తెల్లవారినప్పటి నుంచి ఊరు ఊరంతా పిండాలు పెడుతుంటే కాకులు మాత్రం ఎన్నని తింటాయి? నీళ్ళ ట్యాంకు మీద ఒక కాకి కడుపు బరువుకు కదలలేక కూర్చుంది. ఎంతసేపో పిలిస్తే, చివరికి ఎట్లాగో దిగి గురుస్వామి పిండం ఒక్క ముక్క తిని, కన్యకమ్మ పిండం వైపు చూసి, మళ్ళీ ట్యాంకెక్కింది.

"తీరని కోరికేదో ఉన్నెట్టుంది," అన్నాడు అయ్యవారు.

చుట్టాలు ఆలోచనలో పడ్డారు. బంగారు గాజులన్నారు ఒకరు. కాశీ యాత్రన్నారు ఒకరు. "పాపం మనసులో ఏముండెనో," అని ఆడబిడ్డ రామలక్ష్మమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"నేనీడనే ఉండా గదా, నన్ను అడగరేం?" అంది కన్యకమ్మ.

అందరూ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగారు. అవే కళ్ళు. పదకొండేళ్ళ క్రితం ఆమెను భయపెట్టిన కళ్ళు. ఈసారి ఆమె తల దించలేదు.

"మా అక్క రావాల. అదే నా కోరిక. మామ పోయింది మా అక్క మాటకు కాదు. తొంబై ఒక్క ఏండ్లకు పోయినాడు. నాకు ఆ పొద్దే తెల్సు. మీరందరూ నా దిక్కు చూస్తాంటే బయపడి అక్క మీదికి తోసినా. తప్పు నాది."

రామలక్ష్మమ్మ కొంగు కళ్ళ మీదే ఉండిపోయింది. కాకి మాత్రం దిగలేదు. చివరికి అయ్యవారు ఆ పిండాన్ని వీధిలో ఆవుకు పెట్టించాడు.

పిండం వెంట కిందికి దిగిన కన్యకమ్మకు వాకిట్లో రంగనాయకమ్మ కనిపించింది. పక్కన ఉమాశంకర్ సంచీ పట్టుకుని ఉన్నాడు. అక్క గడప ఉండాల్సిన చోట పడిన గుంటను చూస్తోంది.

"గడప అవతలే నిలబడి పోదామని వస్తి. ఈడుండే గడప ఏమాయె?"

"పీకిచ్చినా. నువ్వు తొక్కకుండా రావాలని."

రంగనాయకమ్మ వంగి గుంటలోకి తొంగి చూసింది. "మిద్దె మీద ఏందో చెప్తాంటివే. పక్కింటి దినంలో మైకు మోగుతాంటే సగమే వినపడె. ఇంగోసారి చెప్పు మే."

కన్యకమ్మ మళ్ళీ చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది. అక్క అంతా విని, చీర కుచ్చిళ్ళు పైకి పట్టి, లేని గడపను అలవాటుగా కాలెత్తి దాటి లోపలికొచ్చింది.

భోజనాలు బాగా జరిగాయి. గురుస్వామి తన దినం నాటి వడ తానే కొరికి, "ఉప్పు సరిపోయింది," అన్నాడు. అతని జీవితంలో అట్లా అనడం అదే మొదటిసారి. అక్కాచెల్లెళ్ళు ఒకే విస్తరి ముందు కూర్చుని, పదకొండేళ్ళలో ఎవరెవరికి మోకాళ్ళ నొప్పులొచ్చాయో చెప్పుకున్నారు.

మూడు గంటలకు రంగనాయకమ్మ లేచింది. చుట్టాలందరి చూపూ ఆమె నోటి మీదే ఉంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెల్లెలి వైపు కూడా చూడకుండా, మౌనంగా వాకిలి దాటి వీధి మలుపు దాకా పోయింది.

కన్యకమ్మ వెనకాలే పరిగెత్తింది. "అక్కా, చెప్పిపో!"

రంగనాయకమ్మ ఆగింది. "ఏం చెప్పాల?"

"అప్పుడు చెప్పిందే."

"చావింట్లో అట్ల అనగూడదు మే. మళ్ళీ రావాల్సొస్తాది."

"అందుకే అను. మళ్ళీ రా."

అక్క నోటి మీద నుంచి కొంగు తీసింది. వీధి వీధంతా వినపడేలా అంది. "పోయొస్తా కన్యకా."

"ఎప్పుడొస్తావ్?"

రంగనాయకమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పై ఆదివారం వద్దులే, బస్సులు రష్షుగా ఉంటాయి. దాని మర్సనాడు సోమారం మొదటి బస్సుకు వస్తా. బొరుగులు నానేసి ఉగ్గాని చెయ్యి, నీ చేతి ఉగ్గాని తిని శానా ఏండ్లాయె."

కన్యకమ్మ కళ్ళు తుడుచుకుంటూ అంగడికి పోయింది. అరలన్నీ ఖాళీ. గురుస్వామి చివరి బొరుగుల మూట ఎత్తి ఎవరి చేతిలోనో పెట్టబోతున్నాడు.

"ఆ మూట ఎవురికీ ఇయ్యొద్దు," అంది. "సోమారం మా అక్క వస్తాంది, ఉగ్గాని చేయాల."

"యా సోమారం?"

"ఆదివారం మర్సనాడు సోమారం."

గురుస్వామి నోరు తెరిచాడు. భార్య ముఖం చూసి మూసుకున్నాడు. మూట భుజానికెత్తుకుని లోపలి గదిలో పెట్టి, తలుపు దగ్గరకు వేసి వచ్చాడు.

"ఉగ్గానితో బజ్జీల్లోకి శెనగపిండి గూడా అడిగి తెచ్చి పెట్టమంటావా?" అన్నాడు.