తోకకు కట్టిన దీపం

మా ప్రయోగశాలలోని ప్రోటీన్ ఒట్టి మొండిఘటం. జీవకణం నడిమధ్యన కేంద్రకం అనే గది ఉంటుంది. అక్కడ పని ముగించుకున్న ప్రోటీన్ బయటికి రావాలి. మాది రాదు. కంటికి కనబడాలని దాని తోకకు పచ్చటి వెలుగు అతికించాను నేనే. సూక్ష్మదర్శినిలో ఎప్పుడు చూసినా ఆ వెలుగు గదిలోనే ఉంటుంది, కదిలితే ఒట్టు.

ఇంట్లోనూ అదే బాధ. స్కూటర్ గుద్దినప్పటినుంచి మా అమ్మాయి బుల్లి ఒంటరిగా గేటు దాటదు. కాలు నయమైంది గానీ భయం పోలేదు. మెడలో ఫోన్ వేలాడదీసి పంపుతాను. "ఎక్కడున్నావే? ఎంతదాకా వెళ్లావ్?" అని అడుగడుక్కీ అడుగుతాను. నాలుగడుగులేసి వెనక్కి పరిగెత్తుకొస్తుంది. రేపు కూడా రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు బడివాళ్లు.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాల చీకటిగదిలో కునుకు పట్టింది. చూస్తే కేంద్రకంలో ఉన్నాను. అంతా నీలి వెలుతురు, చిక్కుపడ్డ దారాలు. గోడనిండా గుండ్రటి గుమ్మాలు, వాటికి నూలుపోగుల తెరలు. మోతగాళ్లు ఒక్కొక్కరినీ చంకనెత్తుకుని తెరలోంచి జారిపోతున్నారు. అవతల దింపేసి ఒట్టిచేతులతో తిరిగొస్తున్నారు. ఓ మూల పచ్చగా వెలుగుతూ మా బుల్లి.

"నా పిల్లని కూడా తీసుకెళ్లవయ్యా!" అన్నాను ఒక మోతగాణ్ణి ఆపి.

"గుర్తేదమ్మా? బయటికెళ్లేవాళ్ల ఒంటిమీద గుర్తుంటుంది. అది పట్టుకునే ఎత్తుకుంటాం."

"ఎందుకుండదూ, సరిగ్గా చూడు!"

"ఏం చూడను తల్లీ? దానిమీదేగా నువ్వు దీపం కట్టావు!"

ఉలిక్కిపడి లేచాను. నా మొహం మండ! గుర్తు ఉండేది తోకలోనే. చూసుకోవాలన్న ఆత్రంలో దాన్నే కప్పేశాను.

మా ప్రయోగశాల పెద్దాయనకి చెబితే పగలబడి నవ్వాడు. "రోజూ కాసేపు పడుకోమ్మా. దీపం తలవైపుకి మార్చి మళ్లీ చేద్దాం."

మర్నాడు పొద్దున్న బుల్లి మెడలోంచి ఫోన్ తీసేశాను.

"మరి నేనెక్కడున్నానో నీకెలా తెలుస్తుందమ్మా?"

"తెలీదు." ఫోన్ బల్లమీద పెట్టేశాను. "సాయంత్రం వచ్చి నువ్వే చెబుదువుగాని."

గేటుదాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. అవతల వదిలేశాను. కొంతదూరం పోయి వెనక్కి చూసింది. వచ్చేస్తుందనే అనుకున్నాను, రావాలనీ అనుకున్నాను. సంచీ భుజాన సర్దుకుని ముందుకే నడిచి, సందు మలుపు తిరిగింది. పిచ్చిదాన్ని, ఒట్టిచేతులతో అక్కడే నిలబడి ఏడ్చాను.