డాక్టరుగారి కళ్ళద్దాలు

గుడ్ని అనే ఆవిడ మొగుడు అస్‌బ్యోర్న్‌కి ఫ్యాక్టరీని నమ్మడం తప్ప మరో దురలవాటు లేదు. తాగడు, పేకాడడు, పద్నాలుగేళ్ళుగా దగ్గుతాడు. ఎందుకయ్యా అంటే సముద్రపు మంచు అంటాడు. యూనియన్ నాయకుడు గనక ఆ మాటే ఫ్యాక్టరీ బట్టీలో పనిచేసే వాళ్ళందరికీ చెప్పి నమ్మించాడు కూడా.

ఆ బట్టీలో ఇసుకనూ కోక్ బొగ్గునూ కలిపి కరెంటుతో కాలుస్తారు. చల్లారాక గునపాలతో పగలగొడితే లోపల నెమలికంఠం రంగులో మెరిసే సిలికాన్ కార్బైడ్ గడ్డ. దాన్ని నలిపి నీళ్ళలో తేరుస్తారు. ఆఖరున అడుగుకు దిగే మెత్తటి పొడి అన్నిటికన్నా ఖరీదు. మంటల్లో పెట్టినా పగలని పింగాణీ దానితోనే చేస్తారు. అంతకన్నా మెత్తటిది గాలిలో తేలుతుంది. అది కార్మికుల ఊపిరితిత్తులకు ఉచితం.

ఆ వసంతంలో అదే బట్టీలో పనిచేసే పక్కింటి టోర్‌గ్రిమ్ ఊపిరాడక చనిపోయాడు. ఏటేటా తీసిన అతని ఛాతీ ఎక్స్‌రేలు మాత్రం ఫ్యాక్టరీ డాక్టరు బీరువాలో క్షేమంగా ఉన్నాయి. భార్య అడిగినా చూపలేదు. అస్‌బ్యోర్న్‌వీ ఆ బీరువాలోనే ఉన్నాయి. గుడ్నికి కావలసినవి అవే. ఆడవాళ్ళంతా వెంటపడితే చివరికి కార్మికుల హాల్లో మీటింగు పెట్టారు.

డాక్టరు కాఫీ తాగి, రెండు వాఫుల్ అట్లు తిని లేచాడు. ఆ పొడి పిండిలాంటిదట. ఛాతీలో ఎవరి జోలికీ పోకుండా ఓ మూల కూర్చుంటుందట. ఎక్స్‌రేలు చూస్తే కార్మికులు బెంగపడతారని దాచాడట. అంత జాలిగుండెకు ఎక్స్‌రే తీయించాలనిపించింది గుడ్నికి.

ఆమె లేచి ముందుకు వెళ్ళింది.

"డాక్టరుగారూ, మీ కళ్ళద్దాలు మసగ్గా ఉన్నాయి. ఇటివ్వండి, తుడిచిపెడతాను."

ఆడవాళ్ళు తుడవడం ఆయనకు అలవాటే, ఇచ్చేశాడు. గుడ్ని సంచిలోంచి మొగుడు పనిలో మెడకు చుట్టుకునే గుడ్డ తీసి, శ్రద్ధగా తుడిచి ఇచ్చింది. ఆయన పెట్టుకున్నాడు. తీశాడు. దీపం దగ్గర పట్టి చూశాడు.

"గీతలు పడ్డాయే!"

"పిండే కదండీ. మా కిటికీలూ ఇలాగే అయ్యాయి. అద్దాన్ని గీసేది ఛాతీని జోకొడుతుందా?"

హాలు గొల్లుమంది. పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోమని డాక్టరు అస్‌బ్యోర్న్‌ని కసిరాడు. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"ఎవరి ఎక్స్‌రేలు వాళ్ళ చేతికొచ్చేదాకా రేపటినుంచి బట్టీ పగలగొట్టేది లేదు," అన్నాడు వెనక బెంచీలోంచి ఒక గునపం మనిషి. ఒక చెయ్యి లేచింది, తర్వాత బెంచీ వెంట బెంచీగా చేతులు లేచాయి. అందరి చూపూ నాయకుడి మీదే.

అస్‌బ్యోర్న్ చెయ్యెత్తి నిలబడ్డాడు. దగ్గు తెర తగ్గేదాకా చెయ్యి దించలేదు. టోర్‌గ్రిమ్ భార్య వైపు తిరిగాడు.

"దగ్గు మంచు వల్లేనని అతనికి చెప్పింది నేనేనమ్మా. తప్పు చెప్పాను."