ఒక గాటు అవతల

నేను ఒక త్రాసును. ఉల్లిపాయలు తూచేదాన్ని కాదు, తుపాకి మందును పలుకుల లెక్కన తూచేదాన్ని. గాట్లున్న సన్నని ఇనుప దండ, గాటు నుంచి గాటుకు జరిగే ఇత్తడి బిళ్ల, ఒక చివర పళ్లెం, రెండో చివర ముల్లు. ఇంతే నా ఒళ్లు. ల్యాబు పరికరాలు తయారుచేసే అంబాలాలో పుట్టి, మొదట ఓ కాలేజీ ల్యాబులో చేరాను. అక్కడి పిల్లలు ఉప్పు నా మీద తూచి, అంకెలు మాత్రం పక్కవాడి పుస్తకంలోంచి దించుకునేవారు. పాతబడ్డానని అమ్మేస్తే, హైదరాబాదు శివార్లలోని ఓ షూటింగ్ క్లబ్బులో పెంటయ్య చేతిలో పడ్డాను.

పెంటయ్య సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. పేలిన ఖాళీ తూటాలను మళ్లీ నింపడం ఆయన పని. మందు తక్కువైతే గురి తప్పుతుంది, ఎక్కువైతే తుపాకీయే పగలొచ్చు. నా ముల్లు కదులుతుందని ఆయన ఊపిరి కూడా బిగబట్టేవాడు.

రాష్ట్ర పోటీలకు సిద్ధమవుతున్న సుమేధ ఒక ఉదయం ఎలక్ట్రానిక్ కాంటా తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఫ్యాన్ గాలికే అంకెలు మారుస్తది. దీన్ని నమ్మి నీ చేతికి తూటా ఎట్లియ్యాలె బిడ్డా?" అన్నాడు పెంటయ్య. నాకు లోలోపల గర్వం.

సుమేధ ఫ్యాన్ ఆపి, అప్పుడే నా మీద తూచిన మందును కాంటా మీద పోసింది. అంకె ఎక్కువ చూపించింది.

"సూసినవా, అబద్ధం చెప్తున్నది!"

తేల్చుకుందామని పెంటయ్య సరిచూసే తూకపు రాయి తీశాడు. కాంటా సరైన అంకే చూపింది. అదే రాయిని నా పళ్లెంలో పెట్టి బిళ్ల జరిపాడు. ముల్లు గీత మీద నిలవలేదు. తప్పు నాది కాదని అరవాలనిపించింది. త్రాసుకు నోరేది?

సుమేధ వంగి చూసింది.

"తాతా, బిళ్ల ఒక గాటు అవతల పెట్టినవ్."

ఆమె వెనక్కి జరపగానే ముల్లు నిలిచింది. పెంటయ్య కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. మళ్లీ తుడుచుకున్నాడు. కొన్ని నెలలుగా ఆయన గాట్లను వేలితో తడుముతున్న సంగతి నాకొక్కదానికే తెలుసు. పోటీ కోసం నింపిన నలభై తూటాలు బల్ల మీదే ఉన్నాయి.

"నీ చెయ్యి పోయేదుండె బిడ్డా," అన్నాడు.

"పోలేదు కద తాతా. పా, ఇప్పుదాం."

ఆ రోజంతా ఇద్దరూ కూర్చుని తూటాలన్నీ విప్పి మళ్లీ నింపారు. ఆమె కాంటా అంకెలు చదివితే, ఆయన చేతులు పనిచేశాయి. నా వైపు ఎవరూ చూడలేదు. తప్పును చూసిన సాక్షి ముఖం చూడడం మనుషులకు కష్టం.

నెల తర్వాత, కంటి ఆపరేషన్ అయి వచ్చిన పెంటయ్య బీరువాలోంచి నన్ను తీశాడు. నా గాట్లన్నీ ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టాడు, ఒక్కటీ తప్పకుండా.

"మళ్లీ దీన్నే వాడతవా?" అడిగింది సుమేధ.

"లేదు బిడ్డా. దీని గాట్లు నేనొక్కణ్నే సూసెటోణ్ని. ఆ కాంటా అంకెలైతే నీకు గూడ కనబడ్తయ్."

నన్ను మెత్తటి గుడ్డలో చుట్టి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బీరువాలో పెట్టాడు. నాకేమీ కష్టమనిపించలేదు. ఆయన సరిగ్గానే తూచాడు.