ఎడమవైపు తలుపు

ఆ పాత ఎక్స్‌కవేటర్ కొన్న మనిషికి లోకం మొత్తంలో అనుమానం రానిది ఒక్కడి మీదే, అది తన మీద. పాలు పోసేవాడు, పక్కింటి కుక్క, కూరగాయల తక్కెడ, దేన్నీ వదిలేవాడు కాదు. అలాంటివాడు అక్క మాట కాదనలేక బండి తోలే పని బావ చేతిలో పెట్టాడు. పెట్టిన రోజు నుంచీ కంటిమీద కునుకు లేదు.

బండి కొని మూడు వారాలైంది. ఒక భవనానికి పునాది గొయ్యి తవ్వుతోంది. మొదట్లో బుద్ధిగానే పనిచేసింది. పది రోజులుగా మాత్రం ఒకటే గోల. పొద్దున పదకొండు దాటితే చాలు, హైడ్రాలిక్ ఆయిల్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కుతుంది, బజర్ మొత్తుకుంటుంది. బావ బండి ఆపి, దిగి, దాని చుట్టూ తిరుగుతాడు.

ఆ తిరగడమే యజమానికి నచ్చలేదు. పని ఎగ్గొట్టడానికి నెపమా? కొత్తగా పోయించిన ఆయిల్ అమ్ముకుని ఏ కాలిపోయిన నూనెతోనో నింపేశాడా? పైగా ఎడమవైపు తలుపు సందులో బొటనవేలంత చెక్కముక్క ఇరికించి ఉండటం రెండుసార్లు కళ్ళారా చూశాడు. ఆ తలుపు వెనకే బ్యాటరీ ఉంది. పక్క సైటులో ఎవరిదో బ్యాటరీ పోయిందని విని, ఆ తలుపు చీలికల్లో చెయ్యి దూరకుండా తనే నిండుగా రేకు వెల్డింగ్ చేయించాడు. ఇంత చేస్తే, ఇంటిమనిషే తలుపు మూతపడకుండా చెక్క పెడతాడా? రెండు ముక్కలూ సాక్ష్యంగా జేబులో వేసుకుని, తలుపుకి పెద్ద తాళం బిగించాడు.

ఆ పొద్దున అక్కకి ఫోన్ చేశాడు.

"మెకానిక్ వస్తున్నాడక్కా. తప్పు బావదని తేలితే ఇవాళే బండి తాళంచెవి తీసేసుకుంటా."

"తీసుకో. తీసుకున్నాక నా గడప తొక్కకు," అంది అక్క.

అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ అక్కే. మాట గుండెల్లో గుచ్చుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

మెకానిక్‌ని అందరూ ‘నిదానం’ అనే పిలుస్తారు. ఆయన ఒక నట్టు విప్పేలోగా చేతిలో టీ చల్లారిపోతుంది. వచ్చీ రాగానే అడిగాడు.

"బండి బాగున్న రోజులకీ ఇప్పటికీ ఏం మారింది?"

"ఏమీ మారలేదు," అన్నాడు యజమాని ఠక్కున.

బావ ఏదో అనబోయి ఊరుకున్నాడు. అదీ కనిపెట్టాడు యజమాని. నోరు మెదపడేం మరి!

పదకొండుంబావుకి బజర్ మోగింది. ఇంజను ఆపొద్దని చెప్పి, వేడి కొలిచే పరికరాన్ని పిస్తోలులా పట్టుకుని నిదానం ట్యాంకు మీద గురిపెట్టాడు. తొంభై ఏడు డిగ్రీలు. లోపల ముల్లూ అదే చూపిస్తోంది.

"మీటరు అబద్ధం చెప్పట్లేదు."

బండి అమ్మినవాడు మీటరు మార్చి అంటగట్టాడని యజమానికి ఇంకో అనుమానం ఉండేది, అది అక్కడితో పోయింది. ట్యాంకు అద్దంలో ఆయిల్ మట్టం సరిగ్గా ఉంది. పుల్లతో ఒక చుక్క తీసి తెల్లకాగితం మీద వేసి వాసన చూశాడు.

"మాడు వాసన లేదు, నురగ లేదు. మంచి ఆయిల్."

"సరిగ్గా చూశారా?" అన్నాడు యజమాని. దొంగతనం జరగలేదంటే సంతోషించాల్సినవాడు మొహం మాడ్చుకున్నాడు. ఇక పంపు పోయిందని చెప్పి ఈ ముసలాయనే తన చెవిలో పువ్వు పెడతాడేమోనని కాచుకున్నాడు. నిదానం బండి చెయ్యి ఎత్తించాడు, దింపించాడు.

"పంపు గట్టిగానే ఉంది," అన్నాడు.

తర్వాత పై మూత తెరిచి, ఆయిల్ చల్లబడే కూలర్‌కి వెళ్ళే గొట్టం కొలిచాడు, బయటికొచ్చే గొట్టం కొలిచాడు. తొంభై ఏడు. తొంభై ఐదు.

"వెళ్ళిన వేడి వెళ్ళినట్టే తిరిగొస్తోంది. కూలర్‌లో దుమ్ము కూడా లేదే. ఎవరు శుభ్రం చేస్తున్నారు?"

"నేనే, రోజూ పొద్దున్నే," అన్నాడు బావ.

నిదానం పై మూత వేసి, ఇంకో కాగితం తీసి ఎడమవైపు తలుపుకి ఆనించి చెయ్యి వదిలాడు. ఫ్యాను ఈ వైపు నుంచే గాలి లాగాలి, కాగితం అతుక్కుపోవాలి. అది మెల్లగా జారి యజమాని చెప్పుల మీద పడింది.

"ఈ రేకు ఎవరు వేయించారు?"

యజమాని వంగి కాగితం ఏరి నిదానం చేతిలో పెట్టాడు.

"తాళం తియ్యండి."

యజమాని తాళం తీశాడు. తలుపు తెరవగానే కాగితం ఎగిరి వెళ్ళి కూలర్‌కి అతుక్కుంది. దాన్ని లాగేసి నిదానం మళ్ళీ కొలవసాగాడు. పది నిమిషాలకి తొంభై ఒకటి. ఇంకో పదికి ఎనభై నాలుగు.

"ముక్కు మూసి పరిగెత్తమంటే ఏ బండైనా ఏం చేస్తుంది? ఒక్కరికీ తోచలేదా?"

"నేను చెక్కముక్క పెట్టి కాస్త తెరిచి ఉంచేవాణ్ణి. ఎవరో తీసేసేవారు," అన్నాడు బావ, ఎటో చూస్తూ.

యజమాని చెయ్యి జేబులోని చెక్కముక్కల మీదికి పోయింది. రేకు వేయించిన మర్నాడే బావ వచ్చి, "ఈ తలుపుకి గాలాడాలిరా," అనడం గుర్తొచ్చింది. "మీరు బండి తోలండి బావగారూ, తలుపుల సంగతి నేను చూసుకుంటా," అని తను అనడం కూడా గుర్తొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక బావని గారూ అని పిలిచింది ఈ పది రోజులే.

బావ ఇంజను ఆపి దిగాడు. తాళంచెవి తీసి చాపాడు.

"ఇవాళ తీసుకుంటానన్నావట. మీ అక్క చెప్పింది."

సిగ్గుతో చచ్చిపోయాడు యజమాని. తలుపు తాళంచెవి తీసి, చాచిన ఆ అరచేతిలో బండి తాళంచెవి పక్కనే పెట్టాడు.

"ఇదీ నీ దగ్గరే ఉంచు బావా. తప్పంతా నాదే."

"దీంతో నాకేం పని? చెక్కముక్కలు ఇటివ్వు."

జేబులోంచి రెండూ తీసిచ్చాడు. బావ వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎంత భద్రంగా దాచావురా! ఈ గొయ్యి అయ్యేదాకా తోలతాను. ఆ తర్వాత సంగతి మీ అక్క చెబుతుంది."

చెక్క ఇరికించి బండెక్కాడు. నిదానం రేకు కోయడానికి సామాను సర్దుకుంటున్నాడు. యజమాని ఫోన్ మోగింది.

"తేలిందా? తాళంచెవి ఎవరి దగ్గరుందిరా?" అంది అక్క.

"రెండూ బావ దగ్గరే ఉన్నాయక్కా."

"రెండోది ఎక్కడిది?"

అతను మట్టికుప్ప మీద కూలబడి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.